దగ్గు అనే గీత

బల్లార్‌పూర్ దాటినంక, వార్ధా ఒడ్డున
మూసేసిన బొగ్గు బాయి.
మనిషి దిగొద్దని కాగితమొచ్చింది.
అందుకని ఆరు చక్రాల బండిని దించినం.
అది పోతూ పోతూ మలుపుకొక డబ్బా వదిలింది:
గ్యాసు, వేడి, పైకప్పు వణుకు.
మొత్తం పందొమ్మిది డబ్బాలు.

మొదట్ల వాటి మాటల్ని పట్టికలో పెట్టిన.
హాజరు పుస్తకంల కూలోళ్ల లెక్క
ఒకరి కింద ఒకరు.
ఎవరి భుజం ఎవరికి తగులుతదో
పుస్తకానికేం ఎరుక?
నాలుగో డబ్బాకు పదహారోదానికి నడుమ
ఒక్క బొగ్గు గోడ అడ్డం.
పట్టికలనైతే పన్నెండు గళ్ల దూరం.

తుడిచేసిన. వర్క్‌షాపు నేల మీద
సుద్దముక్కతోటి చుక్కలు పెట్టి, గీతలు కలిపిన.
ఊడ్వొచ్చిన వైజంతాబాయి రాంగోళీ అనుకొని
తొక్కకుండ చుట్టు తిరిగిపోయింది.

చుక్కంటే డబ్బా. గీతంటే పొరుగు.
ప్రతి చుక్కా పొరుగోళ్లు చెప్పింది వింటది,
తన దాంట్ల కలుపుకుంటది, మళ్లా చెప్తది.
ఒక విడతకు పక్కింటి ముచ్చట,
రెండో విడతకు పక్కింటికి పక్కిల్లు.
ఎట్లుంటదో చూద్దామని ఒక రాత్రి
ఎనిమిది విడతలు తిప్పిన.
పందొమ్మిది చుక్కలూ ఒకటే అంకె అప్పజెప్పినయి.
మా తెలుగు వాడల నల్లా కాడి మాట గూడ గంతే,
తిరిగి తిరిగి రుచి పోయి
అందరి నోట్ల ఒకటే అయితది.
మూడింటికి ఆపిన.

జాడి ఓదేలు ముప్పయ్యేండ్లు
పైకప్పును రాడుతోటి కొట్టి, చప్పుడు విని,
బోలా గట్టిదా చెప్పినోడు.
ఇప్పుడు గేటు కాడ రాత్రి కాపలా.
చాయ్ పట్టుకొచ్చి నేల దిక్కు చూసి
"ఒక గీత తప్పింది బిడ్డా" అన్నడు.

మ్యాపు పరిచిన.
ఏడో గ్యాలరీకి తొమ్మిదోదానికి నడుమ
తొవ్వ లేదు, తలుపు లేదు,
నలభై అడుగుల బొగ్గు.

"మ్యాపు గీసినాయన దిగి చూసిండా?
ఏడుల నేను సద్ది మూట విప్పితే
తొమ్మిదిల మొగిలి దగ్గు ఇనొచ్చేది,
చెవుల ఊదినట్టు.
దగ్గు వచ్చే సందు ఉంటే
గాలికి ఉండదా?"

సుద్దముక్క అడిగిండు.
మోకాళ్లు టక్కుమన్నయి. వంగి గీసిండు.
వంకరగ వచ్చింది గీత.
మొగిలి ఇప్పుడేడున్నడని నేనడగలే.
ఆయన చెప్పలే.

నమ్మి గాదు, పెద్దమనిషి మాట తీసెయ్యలేక
దాన్ని లెక్కలకెక్కించిన,
బరువు దాదాపు సున్నా పెట్టి.
పెరిగేదుంటే అదే పెరుగుతదని.

వానలు మొదలైనంక ఒక పొద్దు
తొమ్మిదో గ్యాలరీల పదకొండో డబ్బా
పలుకుడు బంద్ చేసింది.
పట్టికనైతే ఖాళీ గడి చూపి ఊకునేది.
ఇక్కడ చుక్క ఉన్న చోటనే ఉంది,
చుట్టుపక్కలోళ్ల మాటలు దాంట్లకు ఊరినయి,
ఒక అంకె తేలింది:
గ్యాసు ఎక్కుతున్నది.

ఎవరి మాట మీద ఇంత ధైర్యమని
బరువులు విప్పి చూసిన.
సగం కంటె ఎక్కువ
ఆ వంకర గీత మీదికెల్లి వచ్చింది.

నగరాళే సాబ్ అడిగిండు:
"ఇది కొలిచిందా, ఊహించిందా?"
ఊహే, అని రాసి సంతకం పెట్టిన.
చేయి కొంచెం వణికిన మాట నిజం.
ఆయన గొణుక్కుంటనే పంకా తిప్పించిండు.
మూడోనాడు బండి పోయి కొలుచుకొచ్చింది.
ఊహ జర తక్కువే చెప్పింది.

ఫైలుల ప్రతి గీతకు ఒక పేరుండాలె.
మిగిలినవాటికి అంకెలే.
దీనికి మాత్రం "దగ్గు" అని కొట్టిన.
ఓదేలుకు తెర చూపిస్తే
అక్షరాలు రావని నవ్విండు.
చదివి ఇనిపించిన.

కొంచెంసేపు అట్లనే నిలబడి
నా చాయ్ గ్లాసు గూడ తీసుకొని
నల్లా కాడికి పోయిండు.